బావమరిది టెండరు పోతే బావ పిల్ వేయొచ్చా?

ప్రశ్న: మా బావమరిది కాంట్రాక్టరు. బెంగళూరులో ఒక ప్రభుత్వ సంస్థ వాననీటి కాలువ పనికి పిలిచిన టెండరులో వాళ్ళ కంపెనీని టెక్నికల్ బిడ్‌లోనే (ధర చూడకముందు అర్హతలు చూసే దశలోనే) పక్కన పెట్టారు. షరతులన్నీ ఒకే కంపెనీకి సరిపోయేలా రాశారంటాడు. నేను మారతహళ్ళిలో ఉంటాను, వానొస్తే మా వీధి మునుగుతుంది. నా పేరున హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేయమంటున్నాడు. వేయొచ్చా?

జవాబు: వేయకండి. పిల్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో ఈ వ్యవహారంలో మీకు సొంత ప్రయోజనం లేదని ప్రమాణం చేయాలి. మీరు చేయలేరు. చేసినా నిలవదు: బిడ్డరు చేతిలో తప్ప ఉండని కాగితాలు మీ పిటిషన్‌కు జతపడి ఉంటే, అవి మీకెలా వచ్చాయని అవతలి లాయరు అడుగుతాడు. అక్కడే బంధుత్వం బయటపడుతుంది. నిజం దాచినందుకు కేసు లోతుల్లోకి పోకుండానే కొట్టేస్తారు. 2010లో బల్వంత్ సింగ్ చౌఫాల్ కేసులో సుప్రీంకోర్టు, పిల్ వెనుక సొంత లాభం ఉందేమో ముందే చూడమని హైకోర్టులకు చెప్పి, ఆ పిటిషనర్లకు లక్ష రూపాయల ఖర్చులు విధించింది. టెండరు కేసుల్లో ఇంకో ప్రమాదం ఉంది. స్టే తెచ్చుకుని చివరికి ఓడితే, పని ఆలస్యమై పెరిగిన ఖర్చుకు స్టే తెచ్చినవారే జవాబుదారీ కావాలని 1998 నాటి రౌనక్ ఇంటర్నేషనల్ తీర్పు చెబుతోంది.

పిటిషనర్‌కు స్వార్థం ఉన్నా ఆరోపణలో పస ఉంటే కోర్టు విచారించిన సందర్భాలు లేకపోలేదు. 1986 నాటి శివాజీరావు నిలంగేకర్ కేసు అలాంటిదే. కానీ అది కోర్టు విచక్షణ. దాన్ని నమ్ముకుని అబద్ధపు ప్రమాణం చేయకూడదు.

దెబ్బ తగిలింది కంపెనీకి, కాబట్టి కంపెనీయే తన పేరున పోరాడాలి. కర్ణాటక టెండర్ల పారదర్శకత చట్టం, 1999లోని సెక్షన్ 13 కింద టెండరు ఆమోద అధికారి ఇచ్చిన ఉత్తర్వుపై, అది అందిన 30 రోజుల్లోగా సెక్షన్ 16 కింద అప్పీలు చేయొచ్చు. ఆ హక్కు టెండరు వేసినవారిదే. తర్వాతి మెట్టు రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ పిటిషన్. 2006 నాటి జగదీశ్ మండల్ తీర్పు ప్రకారం అక్కడ కోర్టు రెండే చూస్తుంది: దురుద్దేశమో, ఒకరికి మేలు చేయాలన్న పక్షపాతమో, బొత్తిగా అహేతుకమైన నిర్ణయమో ఉందా; ప్రజాప్రయోజనం దెబ్బతింటోందా.

చాలామంది ఓడేది ఒకచోట. షరతు అన్యాయమనిపిస్తే ప్రీ-బిడ్ సమావేశంలోనే (బిడ్లు వేయకముందు జరిగేది) రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. నోరు మెదపకుండా బిడ్ వేసి, పోయాక షరతుల్ని తప్పుపడితే కోర్టు వినడం కష్టం. మీ బావమరిది అప్పుడు లేఖ ఇచ్చాడా? ఇలాంటి పనులకే ఆ సంస్థ గతంలో పెట్టిన టర్నోవర్, అనుభవ షరతులేమిటి, ఈసారి ఏ అంకె మారింది? ఇవి పక్కపక్కన పెట్టి చూపాలి. ‘కుమ్మక్కు’ అన్న మాట ఒక్కటే ఏమీ నిరూపించదు.

మీ వీధి మునగడం వేరే సంగతి. 10 రూపాయల ఫీజుతో మీ పేరున ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టి, కాలువ చివరిసారి ఎప్పుడు పూడిక తీశారో, ఎంత ఖర్చయిందో అడగండి. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాలకు మించకూడదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబుతో కాలువ గురించి పిల్ వేయదలిస్తే, బావమరిది కంపెనీ సంగతి మొదటి పేజీలోనే చెప్పండి, టెండరు రద్దు మాత్రం కోరకండి. ఈలోగా అప్పీలు గడువు దాటనివ్వకండి: ఉత్తర్వు ఏ తేదీన అందిందో ఈ రోజే ఆయన్ని అడగండి.