సీమెన్స్ రైళ్ల కోసం జర్మనీ: ముందు భాష, తర్వాతే అప్పు

ప్రశ్న: మా అబ్బాయి రాజమహేంద్రవరంలో బీటెక్ ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సీఎస్ఈ సీటు రాలేదు. చిన్నప్పటి నుంచి రైళ్లంటే పిచ్చి. జర్మనీలో ఎంఎస్ చేస్తే సీమెన్స్ రైళ్ల విభాగంలో ఉద్యోగం ఖాయమని కన్సల్టెన్సీవారు అంటున్నారు. పంపమంటారా, ఇక్కడే ఏదైనా చూసుకోమంటారా?
– ఒక తండ్రి

జవాబు: ఒకప్పుడు ఇదే ప్రశ్న అమెరికా పేరుతో వచ్చేది, ఇప్పుడు జర్మనీ పేరుతో వస్తోంది. మీరు అడిగింది దేశం గురించే అయినా, దిగులంతా 'సీఎస్ఈ సీటు రాలేదు' అన్న ముక్కలో ఉంది. ముందు దాని సంగతి తేలుద్దాం.

ట్రిపుల్ ఈ చదివినవాడికి రైలు సొంత ఇల్లే. 1879లో బెర్లిన్ ప్రదర్శనలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ జనాన్ని ఎక్కించుకుని తిప్పిన బుల్లి రైలు కరెంటుతోనే నడిచింది. రెండేళ్లకు బెర్లిన్ పక్కన లిష్టర్‌ఫెల్డెలో కరెంటు ట్రాము వచ్చింది. ఇప్పుడు మ్యూనిక్‌లోని అలాఖ్ కర్మాగారంలో సీమెన్స్ తయారుచేసే వెక్ట్రాన్ రైలింజన్‌నే చూడండి. జర్మనీలో పై తీగలో 15 వేల వోల్టుల ఏసీ, అదీ 16.7 హెర్ట్జ్. ఇటలీలో చాలా మార్గాల్లో 3 వేల వోల్టుల డీసీ. నెదర్లాండ్స్‌లో 1,500 వోల్టుల డీసీ. తగిన సామగ్రి అమర్చిన వెక్ట్రాన్ ఒక్కటే ఈ తేడాలన్నీ తట్టుకుని సరిహద్దులు దాటిపోతుంది. తీగలో ఏ కరెంటు ఉన్నా కన్వర్టర్ దాన్ని మార్చి మోటార్లకు త్రీ ఫేజ్ అందిస్తుంది. మీ అబ్బాయి పవర్ ఎలక్ట్రానిక్స్ పుస్తకం తెరిచి చూడండి, ఉన్నది ఇదే. అలాంటి బ్రాంచిలో చదువుతున్న పిల్లవాడిని ఓడిపోయినవాడిగా చూస్తున్నది మీరొక్కరే.

ఇక జర్మనీ మోజు. నాకు దీని మీద అనుమానాలు చాలానే ఉన్నాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు లేదన్న మాట నిజమే. కానీ స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రం మన పిల్లల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి ఫీజు మొదలుపెట్టింది. ఫీజు లేనిచోట కూడా వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు చూపించాలి. కన్సల్టెన్సీ కరపత్రంలో 'ఉచితం' అన్నది పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఇది ఉండదు.

డబ్బుకంటే నన్ను భయపెట్టేది భాష. కోర్సు ఇంగ్లిష్‌లో ఉండవచ్చు. జర్మనీలోని సీమెన్స్ క్రేఫెల్డ్ కర్మాగారంలో హైస్పీడ్ రైలు కింద దూరి పనిచేసే మెకానిక్ మాత్రం మీ అబ్బాయి కోసం ఇంగ్లిష్ నేర్చుకుని కూర్చోడు. జర్మన్ రాకుండా వెళ్లి, డిగ్రీ చేతికొచ్చాక పార్ట్ టైం పనులతో నెట్టుకొచ్చే పిల్లల తల్లిదండ్రులు కూడా నాకు రాస్తుంటారు, కాకపోతే ఆ ఉత్తరాలు పొట్టిగా ఉంటాయి.

ఇంకొకటి, ఇది నిదానమైన వృత్తి. 2004లో సీమెన్స్ కాంబినో ట్రాముల అల్యూమినియం బాడీల్లో పగుళ్లు బయటపడ్డాయి. 1,20,000 కిలోమీటర్లు దాటినవాటిని ఆపేయమని కంపెనీయే నగరాలకు చెప్పాల్సి వచ్చింది. పట్టాల మీద ఏళ్లతరబడి కుదుపులు తినే బండిలో తప్పు ఎప్పుడు బయటపడుతుందో తెలియదు. అందుకే జర్మనీలోని విల్డెన్‌రాత్‌లో, ఒకప్పటి బ్రిటిష్ వైమానిక స్థావరంలో, కొత్త రైళ్లను దాదాపు 6 కిలోమీటర్ల వలయం చుట్టూ తిప్పుతూ పరీక్షిస్తారు. తిప్పడం, కొలవడం, రాసిపెట్టడం, మళ్లీ తిప్పడం. రైలంటే వేగమని మురిసిపోయే పిల్లవాడు ఈ పనికి నిలుస్తాడా? ఆ మాట మీరెప్పుడైనా అడిగారా? పెళ్లిచూపుల్లో జీతం చెప్పుకున్నట్టు మీరు ఉత్తరమంతా కంపెనీ పేరే చెప్పారు. అబ్బాయికి ఇంజన్ ఇష్టమా, సిగ్నలింగ్ ఇష్టమా, పట్టాల పని ఇష్టమా అన్నది ఒక్క వాక్యం లేదు. కోపగించుకోకండి, బంధువుల ముందు చెప్పుకోవడానికి పేరు కావాల్సింది మీకేమో అనిపించింది.

అక్కడా ఇక్కడా అన్న పోలిక నిజానికి మీరనుకున్నంత పెద్దది కాదు. 2023 జనవరిలో మన రైల్వే 9,000 హార్స్‌పవర్ ఇంజన్లు 1,200 కావాలని సీమెన్స్‌కే ఆర్డరిచ్చింది. గుజరాత్‌లోని దాహోద్‌లో తయారీ, 35 ఏళ్ల నిర్వహణ. ఆ నిర్వహణ జరిగే నాలుగు చోట్లలో విశాఖపట్నం ఒకటి. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ పరికరాలు తయారుచేసే హెచ్‌బీఎల్, కెర్నెక్స్, మేధా మూడూ హైదరాబాద్ కంపెనీలే. కాబట్టి తలుపు మూసుకుపోతుందన్న భయం వద్దు.

ఈ సెలవుల నుంచే జర్మన్ క్లాసులో చేర్చండి. జర్మన్ భాషలో మధ్యస్థాయి అయిన బీ1 పరీక్ష పాసయ్యేదాకా లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి. చివరి ఏడాది ప్రాజెక్టు రైలును లాగే ట్రాక్షన్ మోటార్ల మీదో కన్వర్టర్ల మీదో తీసుకోమనండి. డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు ఇక్కడే రైల్వే పరికరాల కంపెనీలో పనిచేసి దరఖాస్తు చేసినా ఏమీ ఆలస్యం కాదు. అసలు వెళ్లకుండా ఇక్కడే స్థిరపడినా అది మీకు తలవంపు కాదు.