పెళ్లి తేదీ లేని మామ్మని ఎక్కడ రాయాలి?

ప్రశ్న: పిల్లల కోసం ఆన్‌లైన్‌లో మా వంశవృక్షం తయారు చేస్తున్నాను. మామ్మ పోయాక తాతగారు మరొకావిడతో ఇరవై ఏళ్లు కాపురం చేశారు. పుస్తె కట్టలేదు. వాళ్లకి ఇద్దరు పిల్లలు. ఆవిడ పేరు ఎక్కించబోతే పెళ్లి తేదీ అడుగుతోంది. పెదనాన్న అసలు ఆవిడ పేరే వద్దంటున్నారు. ఆవిడ కూతురైన మా మేనత్త ఏదో ఒక తేదీ వేసెయ్యమంటోంది. ఇద్దరి మధ్యా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుణుపూర్ (ఒడిశా)

జవాబు: అమ్మా, ఆవిడ పేరు రాయండి. తేదీ మాత్రం వెయ్యకండి.

ఆ గడి ఖాళీగా వదిలేసినా ఏమీ కాదు. వంశవృక్షాన్ని ఒకచోట నుంచి మరోచోటికి పంపుకునే గెడ్‌కామ్ ఫైల్లో కుటుంబం అంటే ఒక జంట, వాళ్ల పిల్లలు. పెళ్లి జరిగి ఉంటేనే ఆ వివరం చేరుస్తాం. వంశవృక్షాలు పెట్టుకునే ఫ్యామిలీసెర్చ్ సైట్లోనూ పెళ్లి వివరం లేకుండా ఇద్దర్నీ జంటగా కలపొచ్చు. గ్రాంప్స్ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్ వాడితే సంబంధం రకం దగ్గర 'అన్‌మ్యారీడ్', 'అన్‌నోన్' అని రెండూ విడివిడిగా కనిపిస్తాయి. పెళ్లి జరగలేదని మీకు తెలుసు కాబట్టి మొదటిదే పెట్టండి.

అంతకంటే ముఖ్యం, ఆ ఇద్దరు పిల్లల్నీ పరువు కోసం మీ మామ్మ కింద చేర్చకండి. పర్లాకిమిడిలో మా ఇంట్లో జరిగింది ఇదే. పాతికేళ్ల కిందట మావాళ్లు పెద్ద అట్ట మీద వంశవృక్షం గీసి గోడకి తగిలించారు. బాబాయి చిన్న మామ్మ కొడుకు. ఆయన్ని పెద్ద మామ్మ కింద రాశారు. ఆయన పుట్టేనాటికి ఆవిడ పోయి రెండేళ్లయింది! బాబాయి వచ్చి, తన పేరు మీద వేలు పెట్టి, గీత వెంట మెల్లగా పైకి జరిపారు. పెద్ద మామ్మ పేరు దగ్గర వేలు ఆగింది. ఏమీ అనలేదు. చెయ్యి తీసి కండువాకి తుడుచుకుని, వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నారు. ఆ అట్టని నేనే మళ్లీ రాశాను, కానీ అప్పటికి ఆయన లేరు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నోట్సులో 'ఉంచుకున్నావిడ' అన్న మాట రానివ్వకండి. 'గుణుపూర్‌లో కలిసి కాపురం ఉన్నారు, పెళ్లి జరగలేదు, కూతురు చెప్పిన మాట' అంటే చాలు. కాగితం దొరికితే అదీ చేర్చండి. పిల్లల బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత ఓటర్ల జాబితా చూడండి. జాబితా ఒడియాలో ఉంటుంది కదా, వెంకమ్మ లాంటి పేరు బెంకమ్మ అయిపోయి ఉండొచ్చు, ఓపిగ్గా వెతకాలి. గుణుపూర్ కూడా ఒక్క జిల్లాలో లేదు. 1936 ఏప్రిల్ 1 దాకా విశాఖపట్నం జిల్లా, తర్వాత కోరాపుట్, 1992 నుంచి రాయగడ. పుట్టిన ఏడాదిని బట్టి జిల్లా పేరు రాయండి.

పెదనాన్నగారి భయం పొలంలో వాటా గురించైతే అది వకీలుతో మాట్లాడాల్సిన సంగతి. ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా బతికిన జంటకి పెళ్లయినట్టే కోర్టులు భావించడం ఉంది. 1978లో బద్రీప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు యాభై ఏళ్ల కాపురాన్ని అలాగే చూసింది. పేరు దాచినంత మాత్రాన ఆ చిక్కు తీరదు.

మీ మేనత్తతో మాట్లాడాకే పేర్లు ఎక్కించండి. ఫ్యామిలీసెర్చ్‌లో బతికున్నవాళ్ల వివరాలు బయటివాళ్లకి కనిపించవు, పోయినవాళ్లవి అందరికీ కనిపిస్తాయి. మిగతా సైట్లలో ప్రైవసీ సెట్టింగులు ముందే చూసుకోండి. తేదీ వెయ్యమని ఆవిడ అడిగింది వాళ్లమ్మకి గౌరవం కోసమే. జంటగా తాతగారి పక్కన పేరు చూపించండి, బహుశా అది చాలంటుంది.

వంశవృక్షంలో ఆడవాళ్లని పుట్టింటి ఇంటిపేరుతోనే రాస్తారు. మీ ఉత్తరంలో ఆవిడ ఇంటిపేరూ లేదు, పుట్టింటి ఊరూ లేదు. మేనత్తని ఈ వారమే అడగండి.