ఎంసీబీ పడిపోతే ముందు వైరు చూడు

రాయగడ

అల్లుడూ,

గుణుపురం కోల్డ్ స్టోరేజీలో మెషిన్ల పని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. దాంతోపాటే గుబులూ మొదలైంది, అందుకే ఈ ఉత్తరం.

మెయిన్ ఆపి తాళం వెయ్యి, తాళంచెవి నీ జేబులోనే ఉండాలి, మూడు ఫేజులూ టెస్టర్‌తో చూడు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా ఒక పాత తప్పు గురించి. కంప్రెసర్ ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే బ్రేకర్, మాటిమాటికీ పడిపోతుంది. సరుకు పాడైపోతోందని ఓనరు నెత్తిమీద నిలబడతాడు. 16 ఆంపియర్లది తీసి 40ది పెడితే మెషిన్ ఆడుతుంది, అందరూ శభాష్ అంటారు. కానీ ఆ బ్రేకర్ ముందుగా కాపాడవలసింది వైరునిరా! పైపులో వేసిన 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సుమారు 28 ఆంపియర్లే మోస్తుంది. 35 పారుతున్నా 40 బ్రేకర్ కిమ్మనదు. వైరు తొడుగు రోజూ కాలి పెళుసైపోయి, ఏదో రాత్రి ఫోమ్ నింపిన పఫ్ గోడ ప్యానెళ్ళ పక్కన అంటుకుంటుంది. ఆ పని మాత్రం చెయ్యకు, ఎవరు చెప్పినా సరే.

ఎప్పుడు పడుతోందో చూడు. 10 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల మీద సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటుంది, నేరుగా స్టార్ట్ చేస్తే ఆరింతలు, అంటే 84. బ్రేకర్ ఎంత కరెంటుకి తటాలున పడుతుందో చెప్పేదే కర్వ్. సి కర్వ్ 16 బ్రేకర్ 80 నుంచి 160 లోపు ఎక్కడైనా తటాలున పడొచ్చు. స్టార్ట్ చెయ్యగానే పడితే, ఇన్సులేషన్ కొలిచే మీటరు మెగ్గర్‌తో మోటారునీ వైర్లనీ చూసుకుని, డి కర్వ్ 20 పెట్టు. 200 దాకా తటాలున పడదు, ఆ వైరుకీ సరిపోతుంది.

పావుగంటకి పడితే వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ మూడు ఫేజులకీ పెట్టు. నేమ్‌ప్లేట్ మీదున్నదానికంటే ఎక్కువ లాగుతుంటే కండెన్సర్ మురికో, వోల్టేజీ తక్కువో. కరెంటు సరిగ్గానే ఉంటే టెర్మినల్ స్క్రూ వదులై వేడెక్కుతోందేమో. ఎంసీబీ రేటింగ్ 30 డిగ్రీల లెక్కన రాసింది. మే నెలలో రేకుల షెడ్డులో ప్యానెల్ లోపల 50 దాటితే ముందే పడిపోతుంది. గాలి ఆడనియ్యి.

మోటారుకి కాపలా ఓవర్‌లోడ్ రిలే, మోటారు ఎక్కువ లాగితే ఆపేసేది. నేమ్‌ప్లేట్ ఆంపియర్లకే తిప్పిపెట్టు. కాలవైశాఖి గాలివానకి ఒక ఫేజు పోతే మిగతా రెండూ సుమారు 1.7 రెట్లు లాగుతాయి, నిమిషాల్లో వైండింగు మాడిపోతుంది. ఒక ఫేజు పోగానే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేకపోతే మొదటి వారంలోనే పెట్టించు.

ఓనరు మరీ తొందరపెడితే నాకు ఫోన్ కలిపి ఇవ్వు, నేను మాట్లాడతాను. మెగ్గర్ ఇక్కడ ఖాళీగానే ఉంది, ఆదివారం బస్సులో పంపిస్తాను. వేళకి తిను నాన్నా.

మీ మావయ్య