నాడి 48 ఉందని టీఎంటీ రాశారు, పేస్‌మేకర్ తప్పదా?

మీ ప్రశ్న ఇదీ: నాన్నగారికి 64 ఏళ్ళు, ఈసీజీలో గుండె వేగం నిమిషానికి 48 వచ్చింది, మెట్లెక్కితే నీరసం అంటున్నారు, డాక్టరు టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష, రాశారు. ఇక పేస్‌మేకర్, అంటే నాడి మందగించినప్పుడు గుండెకు కరెంటు స్పందన ఇచ్చే చిన్న యంత్రం, పెట్టేస్తారేమోనని ఇంట్లో బెంగ.

48 అన్న అంకె ఒక్కటే చూసి పేస్‌మేకర్ పెట్టరు. గుండెలో స్పందన పుట్టే చోటు, అంటే సైనస్ నోడ్, మందగించినప్పుడు ‘ఇంతకంటే తగ్గితే పెట్టాల్సిందే’ అనే గీత ఏదీ లేదు. అమెరికా గుండె వైద్య సంఘాల 2018 మార్గదర్శకాలు కూడా అలాంటి అంకె పెట్టలేదు. నాడి తగ్గడానికీ ఆయన పడే బాధకూ లంకె కుదిరిందా లేదా అన్నదే అక్కడ చూస్తారు. ఆ లంకె కోసమే ఈ పరీక్ష.

ముందు ఒక మాట విడగొట్టుకోవాలి. మన ఇళ్ళలో ‘బ్లాక్’ అంటే రక్తనాళం పూడుకుపోవడమే. అది నీళ్ళ పైపు సంగతి, దానికి స్టెంటు, బైపాస్. ఈసీజీ రిపోర్టులో ఉండే ‘ఏవీ బ్లాక్’ వైరింగ్ సంగతి, పై గదుల నుంచి కింది గదులకు కరెంటు అందడంలో తేడా. పేస్‌మేకర్ దీనికి. టీఎంటీలో రెండూ బయటపడొచ్చు కాబట్టి బయటికొచ్చాక ‘బ్లాక్ ఉందట’ అని ఊరుకోకండి, ఏ బ్లాకో అడగండి.

పరీక్షకు ముందే ఆయన వేసుకునే మందుల స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరవండి. మెటోప్రొలాల్, అటెనొలాల్, బైసోప్రొలాల్, కార్వెడిలాల్, డిల్టియాజెమ్, వెరపామిల్, డిగాక్సిన్, ఐవాబ్రాడిన్: ఇవన్నీ నాడిని దించేవే. బీపీ మాత్రల్లో కాంబినేషన్లు ఎక్కువ. పేరు చివర ‘ఏటీ’ అని ఉంటే చాలాసార్లు అందులో అటెనొలాల్ కలిసి ఉంటుంది, అది తెలియక ‘బీపీకి అమ్లోడిపిన్ ఒక్కటే’ అని చెప్పేస్తుంటారు. అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది: నీటి కాసులకు కంట్లో వేసుకునే టిమొలాల్ చుక్కలు. కంటి నుంచి రక్తంలోకి చేరి అవీ నాడిని తగ్గించగలవు. వీటితో పాటు థైరాయిడ్, పొటాషియం పరీక్షలు కూడా అయ్యాయేమో చూసుకోండి. మందు తగ్గిస్తేనో మారిస్తేనో సరిపోయే నాడికి పేస్‌మేకర్ ఎందుకు?

అలాగని మాత్ర మీరే ఆపేయకండి. బీటా బ్లాకర్ (పైన చెప్పిన వాటిలో పేరు చివర ‘లాల్’ ఉన్న మందులు) ఒక్కసారిగా ఆపితే బీపీ, ఛాతీ నొప్పి ఎగదన్నవచ్చు. ఆపాలా, ఎన్నాళ్ళ ముందు, ఎలా తగ్గించాలి అన్నది రాసిన డాక్టరే చెప్పాలి. కొన్నిసార్లు మందు మీదే చేయిస్తారు, అప్పుడు ఆ సంగతి రిపోర్టులో రాయించండి.

ఇంటి బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు చూపే నాడిని కూడా పూర్తిగా నమ్మకండి. మధ్యమధ్యలో తొందరపడి కొట్టుకునే ఎక్స్‌ట్రా బీట్లు చాలాసార్లు మణికట్టు దాకా అందవు. గుండె 80 కొట్టుకుంటున్నా మిషను 40 చూపొచ్చు. ఈసీజీలో కనిపించిందే లెక్క.

పరగడుపున వెళ్ళక్కర్లేదు. రెండు మూడు గంటల ముందు రెండు ఇడ్లీలు తినొచ్చు. కాఫీ, టీ, సిగరెట్ ఆ పూటకు వద్దు. షుగర్ మాత్రలుంటే అడిగి వేసుకోవాలి. ఛాతీకి నూనె, పౌడర్ రాస్తే ఎలక్ట్రోడ్లు అంటుకోవు, వెంట్రుకలుంటే అక్కడే గీస్తారు. పంచె, చెప్పులు వద్దు. వదులు ప్యాంటు, కాలికి పట్టి ఉండే బూట్లు వేయించండి.

ఎక్కువ చోట్ల బ్రూస్ పద్ధతిలో చేస్తారు. ప్రతి 3 నిమిషాలకూ బెల్టు వేగం, ఎత్తు (వాలు) రెండూ పెరుగుతాయి: మొదట గంటకు 2.7 కిలోమీటర్లు, 10 శాతం ఎత్తు. తర్వాత 4 కిలోమీటర్లు, 12 శాతం. ఆ తర్వాత 5.5, 14 శాతం. మూడో దశలో నడకా కాదు, పరుగూ కాదు, పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే ఆగుతారు. మోకాళ్ళ నొప్పులుంటే ముందే చెప్పండి, ఎత్తు లేకుండా మొదలయ్యే మార్చిన బ్రూస్ పద్ధతి ఉంది. కడ్డీని గట్టిగా పట్టుకుని వేలాడితే బరువంతా చేతుల మీదికి పోయి గుండెకు పని తగ్గుతుంది, పైగా ఈసీజీ గీతలు వణుకుతాయి. వేళ్ళు ఆనిస్తే చాలు. బెల్టు ఆగాక కూడా కనీసం 6 నిమిషాలు గీతలు చూస్తారు. కొన్ని తేడాలు అప్పుడే కనిపిస్తాయి, అందుకని వైర్లు తొందరగా తీసేయమని అడగొద్దు.

ఇప్పుడు అసలు లెక్క. 220 లోంచి వయసు తీసేస్తే 156. అందులో 85 శాతం, అంటే సుమారు 133, ల్యాబు వాళ్ళు పెట్టుకునే టార్గెట్. నాన్నగారి విషయంలో దీనికంటే పనికొచ్చే లెక్క వేరు. 156 లోంచి విశ్రాంతి నాడి 48 తీస్తే 108. అందులో కనీసం 80 శాతం, అంటే 86 దాకా, పైకి ఎక్కాలి. 48కి 86 కలిపితే 134. శక్తి ఉన్నంతా నడిచి కూడా 95, 100 దగ్గరే ఆగిపోతూ, అక్కడే ఆయన చెప్పే నీరసం వచ్చిందంటే శ్రమకు తగ్గట్టు గుండె వేగం పుంజుకోవట్లేదని అర్థం. బీటా బ్లాకర్ మీద ఉన్నవాళ్ళకు ఈ 80 శాతం కొలత వర్తించదు, 62 శాతం చూస్తారు, అంటే 115 దాకా వస్తే చాలు.

రిపోర్టులో పరీక్ష ఆపిన కారణం అని ఒక గడి ఉంటుంది. కాళ్ళ నొప్పితో మూడో నిమిషంలోనే దిగిపోతే 105 దగ్గర ఆగిన నాడి గుండె గురించి ఏమీ చెప్పదు. అది పూర్తికాని పరీక్ష, అంతే. దాన్ని పట్టుకుని ఎవరైనా పేస్‌మేకర్ అంటే రెండో అభిప్రాయం తీసుకోవాల్సిందే.

నడుస్తుంటే 48 కాస్తా 70, 100, 135 అని ఎక్కితే చాలావరకు గుండెల మీద చేయి వేసుకుని నిశ్చింతగా ఉండొచ్చు. విశ్రాంతిలో అప్పుడప్పుడు ఒక బీటు తప్పే వెంకెబాక్ రకం బ్లాకు నడకతో మాయమైతే అదీ మంచి సూచనే. భయపడాల్సింది దీనికి తలకిందులుగా జరిగితే: నడక పెరిగేకొద్దీ బీట్లు తప్పడం, 90 నుంచి ఉన్నట్టుండి 45కు పడిపోవడం. కరెంటు దారిలో కింది భాగం దెబ్బతిన్నదని దాని అర్థం. రక్తప్రసరణ లోపం వల్ల కాదని తేలితే దానికి పేస్‌మేకరే. మోబిట్జ్ రెండో రకం (ముందు సూచన లేకుండా ఉన్నట్టుండి బీటు తప్పేది), పూర్తి ఏవీ బ్లాక్ (పై గదుల కరెంటు కిందికి అసలు అందనిది) కూడా అంతే, మందుల వల్లో తిరిగి సర్దుకునే మరో కారణం వల్లో వచ్చినవి కాకపోతే బాధ లేకున్నా పెడతారు.

టీఎంటీ బాగుండి కళ్ళు తిరగడం ఉంటే 24 లేదా 48 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరుగుతుంటే ఈసీజీ రికార్డు చేసే చిన్న పెట్టె, పెట్టించండి. జేబులో చిన్న కాగితం ఉంచి, తల తిరిగిన సమయాన్ని గంట, నిమిషాలతో రాయించండి. కాగితం ఖాళీగా ఉంటే హోల్టర్ విలువ సగం పోతుంది. రాత్రి నిద్రలో నాడి 40కి దిగిందని కంగారు పడకండి, నిద్రలో చాలామందికి దిగుతుంది.

స్పృహ తప్పి పడిపోయి ఉంటే మాత్రం టీఎంటీ తేదీ దాకా ఆగొద్దు, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఒకవేళ పేస్‌మేకరే అన్నా అది ఛాతీ తెరిచే ఆపరేషన్ కాదు. మత్తు సూది ఆ చోటుకే ఇచ్చి, సాధారణంగా ఎడమ కాలర్ బోన్ కింద చర్మం లోపల పెడతారు, వైర్లు సిర గుండా గుండెలోకి పంపుతారు. వైరు కదిలిపోకుండా నాలుగైదు వారాలు ఆ చేతిని భుజం కంటే పైకి ఎత్తనివ్వరు. అందుకని చొక్కా ముందు బొత్తాలున్నదే వేయించండి. సెల్‌ఫోన్ వాడొచ్చు, కుడి చెవి దగ్గర, గుండె మీది జేబులో కాకుండా.