మీ ప్రశ్న – మా జవాబు: బాతు నూగు రజాయిని ఇంట్లో ఉతకొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ డౌన్ కంఫర్టర్, అంటే నూగు రజాయి, తెచ్చింది. లోపల బాతు ఈకలట. ఏసీ గదిలో రెండేళ్లుగా కప్పుకుంటున్నాం, ఇప్పుడు చెమట వాసన వస్తోంది. పెట్రోల్ వాష్‌కి ఇవ్వమని కొందరు, నీళ్లు తగిలితే పాడైపోతుందని కొందరు అంటున్నారు. మాది 8 కిలోల ఫ్రంట్ లోడ్ మిషన్. డ్రయర్ లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, భవానీ నగర్, తిరుపతి

జవాబు: ఉతకొచ్చు. బాతు బతికేదే నీళ్లలో, దాని నూగుకు, అంటే ఈకల కింద ఉండే మెత్తటి పోగులకు, నీళ్లతో వచ్చే ముప్పేమీ లేదు. తడి లోపల మిగిలిపోతేనే ముక్కవాసన పట్టి, ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. అందుకే ఉతికే గంట కంటే ఆరబెట్టే రెండు మూడు రోజులకు ఎక్కువ సిద్ధపడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ మూడు నెలలూ దీని జోలికి పోవద్దు. మార్చి నుంచి మే దాకా మంచి అదను.

ముందు లేబుల్ చూడండి. నీళ్ల తొట్టి బొమ్మను ఇంటూ గుర్తుతో కొట్టేసి ఉంటే ఇంట్లో ఉతకకూడదు. అది లేకపోతే, పొడిగా ఉన్నప్పుడే రజాయిని ఒకసారి తూచి బరువు రాసిపెట్టుకోండి. అమెరికా రాకపోకలున్న ఇంట్లో సూట్‌కేసు తూచే కాటా ఎలాగూ ఉంటుంది. ఈ అంకెతో పని తర్వాత పడుతుంది. కుట్లు ఎక్కడైనా ఊడి ఉంటే ఇప్పుడే వేసుకోండి, నీళ్లలో పడ్డాక ఆ సందులోంచి నూగంతా మిషన్లోకి వస్తుంది.

డ్రమ్ములో వేశాక పైన మూడో వంతు ఖాళీ కనిపించాలి. కుక్కి మూయాల్సి వస్తే మీ మిషన్ చాలదని అర్థం. ఉన్ని బట్టలకు వాడే ద్రవ సబ్బు రెండు టేబుల్ స్పూన్లు, అంటే 30 మి.లీ., చాలు. ఎంజైములున్న మామూలు సబ్బుపొడి వద్దు. మరకల్లోని మాంసకృత్తుల్ని విరగ్గొట్టే ఎంజైము ఈకనూ వదలదు, ఈకా మాంసకృత్తే కాబట్టి. బ్లీచూ వద్దు. బట్టలు మెత్తబడేందుకు వేసే కండిషనర్ అసలే వద్దు, అది నూగు పోగులకు పూతలా పట్టి వాటిని విచ్చుకోనివ్వదు.

నీళ్ల వేడి 30 నుంచి 40 డిగ్రీలు, సున్నితమైన బట్టల ప్రోగ్రాం, జాడింపు అదనంగా రెండుసార్లు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకోసారి జాడించాలి. ఉప్పు నీళ్లలో నురగ రాలేదని సబ్బు పెంచుతారు, ఆ సబ్బే లోపల మిగిలి నూగును అంటిస్తుంది. చివరి జాడింపుకైనా మున్సిపాలిటీ కొళాయి నీళ్లు అందేలా చూసుకోండి. స్పిన్ 600 నుంచి 800 మధ్య పెట్టండి. తడి రజాయి ఒకవైపే చేరి మిషన్ దబదబ కొట్టుకుంటే ఆపి, దాన్ని సర్ది, ఎదురువైపు రెండు తుండుగుడ్డలు వేసి మళ్లీ తిప్పండి.

బయటికి తీసేటప్పుడే ఎక్కువ రజాయిలు చిరుగుతాయి. ఒక మూల పట్టుకుని లాగితే నీళ్ల బరువంతా లోపలి గడుల కుట్ల మీద పడి తెగుతాయి. రెండు చేతులూ కిందికి పోనిచ్చి టబ్బులోకి దొర్లించండి. పిండొద్దు. తీగ మీద వేలాడదీయొద్దు, నూగంతా అడుగుకి జారిపోతుంది. మిద్దె మీద నులక మంచమో నవారు మంచమో వేసి దాని మీద పరిస్తే కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. పైన పల్చటి పాత నూలు చీర కప్పండి. మన ఎండ నేరుగా రోజంతా తగిలితే గుడ్డ రంగు పోతుంది, నూగు పెళుసెక్కుతుంది.

మొదట తీసినప్పుడు చూసి బెంబేలు పడకండి, నూగు ఉండలు కట్టి, మధ్యలో ఉత్త గుడ్డే కనిపిస్తుంది. గంటకోసారి తిరగేసి, ఉండల్ని గుడ్డ మీద నుంచే అరచేతుల మధ్య నలిపి విడదీయండి. ఈ పని మానేస్తే ఉండ పైపైన ఆరి లోపల తడి అలాగే ఉండిపోతుంది. సాయంత్రం ఎండ దిగకముందే లోపలికి తెచ్చి ఫ్యాను కింద పరచండి, మడత పెట్టొద్దు. డ్రయర్ ఉన్న లాండ్రీ అందుబాటులో ఉంటే తక్కువ వేడిలో మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి తిప్పించండి. అవి ఉండల్ని కొట్టి విడగొడతాయి.

చేతికి పొడిగా తగిలినంత మాత్రాన ఆరినట్టు కాదు. మళ్లీ తూచండి. ముందు రాసుకున్న బరువు 1,800 గ్రాములై ఇప్పుడు 2,000 చూపిస్తే లోపల ఇంకా 200 గ్రాముల నీళ్లున్నాయి. బరువు పాత అంకెకు దిగాక ఇంకో పూట ఎండనిచ్చి అప్పుడు మడవండి.

పెట్రోల్ వాష్ నూగులోని సహజమైన జిడ్డును లాగేస్తుంది. లేబుల్ అదే చేయమంటే తప్ప మా ఓటు నీళ్లకే.

ప్రశ్న: రజాయి మీద సాంబారు ఒలికింది. సబ్బు రుద్దితే మరక ఎర్రగా మారింది. మొత్తం ఉతకాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదు. ఆ ఎరుపు సబ్బు క్షారానికి పసుపు రంగు మారడమే. మరక ఉన్నచోట నూగును పక్కకు తోసి, పై గుడ్డను మాత్రం పిడికెడు పట్టి, ఆ పిడికెడు గుడ్డ అడుగున బిగుతుగా రబ్బరు బ్యాండు వేయండి. నూగు తడవదు. ఆ గుడ్డ మీద రెండు చుక్కల షాంపూ వేసి రుద్ది, తడిగుడ్డతో నాలుగైదుసార్లు తుడవండి. మిగిలిన పసుపు ఛాయను ఎండలో పెట్టండి, పసుపు రంగు వెలుతురుకు నిలవదు. ఇకమీదట రెండు డబుల్ దుప్పట్లు కలిపి గలీబు కుట్టించి తొడగండి. నాలుగు మూలలా లోపల నాడాలు పెట్టించి రజాయికి కడితే జారదు. గలీబును రెండు వారాలకోసారి ఉతుక్కుంటే రజాయిని రెండేళ్లకోసారి ఉతికినా సరిపోతుంది.

ప్రశ్న: మాకు చలికాలంలోనే దీంతో పని. మిగతా నెలలు ఎలా దాచాలి? గాలి తీసేసే ప్లాస్టిక్ సంచులు మంచివేనా? కలరా ఉండలు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ప్రయాణంలో నాలుగు రోజులకైతే ఆ సంచి ఫర్వాలేదు. నెలల తరబడి నొక్కిపెడితే నూగు విరిగి మళ్లీ పొంగదు, వెచ్చదనమిచ్చేది ఆ పొంగులో చిక్కిన గాలే. పాత నూలు చీరలో వదులుగా చుట్టి బీరువా పై అరలో, మీద బరువేమీ లేకుండా ఉంచండి. ట్రంకు పెట్టెలో అడుగున వద్దు. కలరా ఉండల వాసన నూగుకు పట్టి నెలలు పోదు, పైగా పసిపిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న శిశువులకు ఆ ఆవిరితో రక్తకణాలు దెబ్బతింటాయి. కర్పూరమూ కలరా ఉండలూ కలిపి వేసేవాళ్లున్నారు, రెండూ కలిస్తే కరిగి గుడ్డకు మరక చేస్తాయి. శుభ్రంగా, పూర్తిగా ఆరినదాన్ని దాచడమే పురుగుకు అసలు అడ్డు. ఎండు వేపాకు మూట పెట్టుకోవడం మీ ఇష్టం. రెండు నెలలకోసారి ఎండ ఉన్న రోజు బయటికి తీసి దులిపి, గంటసేపు గాలికి వేయండి.

ప్రశ్న: రజాయిలోంచి ఈకల మొనలు పొడుచుకొస్తున్నాయి. పీకేయాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పీకొద్దు. మొన వెంట వెడల్పాటి ఈక బయటికొచ్చి రంధ్రం పెద్దదవుతుంది, దాని వెనకే నూగూ వస్తుంది. గుడ్డ వెనక నుంచి ఈకను వేళ్లతో పట్టి లోపలికి లాగి, రంధ్రం ఉన్నచోట గోటితో రుద్దితే పోగులు దగ్గరపడతాయి. చిరుగైతే సూదితో కుట్టొద్దు, ప్రతి సూదిపోటూ కొత్త దారే. అంటించే నైలాన్ అతుకు ముక్కను మూలలు గుండ్రంగా కత్తిరించి వేయండి, గుండ్రని అంచు తొందరగా లేవదు.