ఓర్లాండో డిస్నీలో మీల్ ప్లాన్ కొనాలా వద్దా? పిల్లల రూముకి కొనండి, పెద్దోళ్ల రూముకి వద్దు

వదినగారూ, మీ ప్రశ్న చూశాను. సిరిమానోత్సవం అయ్యాక విజయనగరం నుంచి మీరూ అన్నయ్యగారూ అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారు, అక్కడినుంచి అందరూ కలిసి ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి, హోటల్ కూడా డిస్నీ వాళ్లదే, కోడలేమో తిండికి ముందే ప్లాన్ కట్టేద్దాం అంటోంది, అబ్బాయేమో దండగ అంటున్నాడు, ఎవరి మాట రైటు అని కదా. మాది శ్రీకాకుళం. 2024 వేసవిలో మా అమ్మాయి వాళ్లతో వెళ్లాం, మేమిద్దరం, అమ్మాయి, అల్లుడు, మనవలిద్దరు. రెండు రూములు తీసుకుని రెండిటికీ ప్లాన్ కట్టారు. మళ్లీ వెళ్తే మాత్రం పిల్లలున్న రూముకి కట్టించి మా రూముకి వద్దంటాను.

ముందు ఇదేటో చెప్తాను, ఎందుకంటే నాకు అక్కడికి వెళ్లేదాకా సరిగా అర్థం కాలేదు. మన దగ్గర మెస్సులో టోకెన్ల పుస్తకం ఇస్తారు చూడండి, అలాంటిదే అనుకోండి. మనం ఎన్ని రాత్రులు హోటల్లో ఉంటామో అన్ని రాత్రులకి మనిషికిన్ని అని క్రెడిట్లు ఇస్తారు, రోజులకి కాదు సుమా, రాత్రులకే. రూములో అందరివీ ఒకే ఖాతాలో పడతాయి, ఒకరోజు తక్కువ వాడి ఇంకోరోజు ఎక్కువ వాడుకోవచ్చు, కానీ రూము ఖాళీ చేసే రోజు అర్ధరాత్రితో సరి, మిగిలినవి పోతాయి, డబ్బులు వెనక్కి రావు. కోవిడ్ అప్పుడు 2020లో ఆపేసి మళ్లీ 2024 జనవరిలో మొదలుపెట్టారు. రెండు రకాలున్నాయి. చిన్నదాంట్లో రాత్రికి రెండు క్విక్ సర్వీస్ భోజనాలు, అంటే కౌంటర్ దగ్గర తీసుకుని మన ట్రే మనమే మోసుకొచ్చుకునేవి, ఒక స్నాకు. పెద్దదాంట్లో ఒకటి కూర్చోబెట్టి వడ్డించేది, ఒకటి కౌంటర్‌ది, ఒక స్నాకు. రెండిట్లోనూ మనిషికో మగ్గు ఇస్తారు, హోటల్లో ఉన్నన్నాళ్లూ కాఫీ, టీ, కూల్‌డ్రింకు ఎన్నిసార్లైనా పట్టుకోవచ్చు.

మేం వెళ్లినప్పుడు రాత్రికి పెద్దవాళ్లకి చిన్న ప్లాన్ 57.01 డాలర్లు, పెద్ద ప్లాన్ 94.28. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి 23.83, 29.69. ఇప్పుడు పెరిగుంటాయి, అబ్బాయిని బుకింగ్ పేజీలో చూడమనండి, కానీ లెక్క తీరు అదే.

ఇప్పుడు అసలు లెక్క. చిన్న ప్లాన్ చూడండి, కౌంటర్ భోజనం డ్రింకుతో కలిపి ఇరవై డాలర్లు అనుకుంటే రెండిటికి నలభై, స్నాకు ఇంకో ఆరో ఏడో. నలభై ఏడు దగ్గర ఆగిపోయింది, కట్టింది 57. మరి మిగతా పది ఎలా రాబట్టుకుంటారంటే ఆ డ్రింకు స్థానంలో ఇరవై ఒక్కేళ్లు దాటినవాళ్లు బీరో కాక్‌టెయిలో తీసుకోవచ్చు, అది ఒక్కటే పది పన్నెండు పైన ఉంటుంది. అంటే ఆ రేటు కట్టింది తాగేవాళ్ల లెక్కకి. మా ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏం తాగరు, పైగా కౌంటర్ దగ్గర ఐసు వేసిన చల్లటి నీళ్లు కప్పులో ఊరికే ఇస్తారు. మీ ఇంట్లో సంగతి మీకే తెలుసు, నేను అడగను.

పెద్ద ప్లాన్ లాభమా నష్టమా అన్నది మొత్తం ఆ కూర్చుని తినే భోజనం ఎక్కడ తింటాం అన్నదాని మీద ఉంది. డిస్నీ వాళ్లదే కాంటెంపరరీ హోటల్లో షెఫ్ మికీస్ అని ఉంది, మికీ, మిన్నీ, డోనాల్డ్, గూఫీ వేషాల వాళ్లు మన టేబుల్ దగ్గరికే వచ్చి పిల్లలతో ఫొటో దిగుతారు. అక్కడ రాత్రి బఫే పెద్దవాళ్లకి పన్ను కాకుండానే అరవై డాలర్ల పైన, పిల్లలకి నలభై పైన. ప్లాన్‌లో దానికి ఒక్క క్రెడిట్టే. మా చిన్న మనవడికి ఏడేళ్లు, వాడికి కట్టింది రాత్రికి 29.69, ఆ ఒక్క భోజనంతోనే దాటిపోయింది, పైన కౌంటర్ భోజనం, ఐస్‌క్రీమ్ అన్నీ లాభం కిందే లెక్క. 2026కి మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి, పెద్దవాళ్లు ప్లాన్ కొంటే పిల్లల ప్లాన్ ఉచితం అని ప్రకటించారు కూడా, మీరు వెళ్లే తేదీలకి వర్తిస్తుందో లేదో షరతులు చూసుకోండి.

కానీ పెద్ద మనవడికి పదేళ్లు. పదేళ్లు నిండితే డిస్నీ దృష్టిలో పెద్దమనిషే, 94.28 కట్టాల్సొచ్చింది. వాడు తినేదేమో ఎక్కడికెళ్లినా నాలుగు చికెన్ ముక్కలూ ఆలూ ఫ్రైలూ. మీ మనవరాలి వయసు మీరు రాయలేదు, ముందు అది చూసుకోండి, అసలు తేడా అక్కడే వస్తుంది.

ఇక మా రూము. మావారు శాకాహారి, నేను గుడ్డు తింటాను అంతే. ఇక్కడ కిటుకేటంటే హోటల్లో నలభై డాలర్ల స్టేకు తెప్పించుకున్నా ఒక్క క్రెడిట్టే, ఇరవై చిల్లర డాలర్ల కూరగాయల ప్లేటు తెప్పించుకున్నా ఒక్క క్రెడిట్టే. శాకాహారి ఎప్పుడూ నష్టపోతాడు. దానికి తోడు భోజనంతో పాటు డెజర్ట్ ఒకటి కూడా ఆ క్రెడిట్ లెక్కలోనే ఉంటుంది, షుగరున్న మనిషికి అది ఎందుకు చెప్పండి. స్టార్టర్లు లెక్కలోకి రావు. ఒక ప్లేటు ఇద్దరం పంచుకుని తినే అలవాటున్న వాళ్లకి ఇద్దరికీ రెండు ప్లాన్లు కట్టడం అంటే వడ్డించింది సగం ఒగ్గేసి రావడమే. శాకాహారులకి గిట్టుబాటయింది ఒక్కచోటే, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లో బోమా అని ఆఫ్రికన్ బఫే, పప్పులూ సూపులూ చట్నీల్లాంటివీ మన నాలుకకి తగిలే కారంతో ఉన్నాయి. అక్కడ చారలు చారలుగా చిన్న గుమ్మటం లాంటి స్వీటు పెడతారు, మావారు షుగరు సంగతి పక్కన పెట్టి మూడు లాగించాక అల్లుడు మెల్లగా చెప్పాడు దాన్లో లిక్కర్ కలుపుతారని. ఆరోజు మొహం చూడాలి!

అయితే ఇన్ని లెక్కలూ చెప్పాక ఒక మాట ప్లాన్ తరఫున కూడా చెప్పాలి. మావారు డాలరు చూస్తే చాలు అప్పటి రేటు 83తో గుణించేవారు. అమెరికా దిగిన దగ్గర్నుంచీ ఏ హోటల్‌కి వెళ్లినా మెనూలో కుడివైపు అంకెలే చూసి నాకు ఆకలి లేదమ్మా అనేవారు, పిల్ల బాధపడేది. ప్లాన్ ఉన్నన్నాళ్లూ ఎలాగూ కట్టేశారు కదా అని కడుపునిండా తిన్నారు. రోజుకి మనిషికి 7,800 రూపాయలు అని ముందే తెలిసుంటే వచ్చేవారే కాదనుకోండి, అమ్మాయి ఆ అంకె చెప్పలేదు. అన్నయ్యగారు కూడా అలాంటి మనిషే అయితే కోడలి మాటలో న్యాయం ఉంది, కాకపోతే దానికి ప్లానే అక్కర్లేదు, కొడుకు ఏభయ్యో వందో డాలర్లు డిస్నీ గిఫ్ట్ కార్డులో వేసి ఇది అయిపోవాలి నాన్నా అంటే అదే పని అవుతుంది, మిగిలినా పోదు.

రూముల సంగతి జాగ్రత్త. ఒకే రూములో ఉన్న మూడేళ్లు దాటిన వాళ్లందరూ ఒకే ప్లాన్ తీసుకోవాలి, నాకు వద్దు వాళ్లకి మాత్రం అంటే కుదరదు. మూడేళ్లలోపు పిల్లలకి ప్లాన్ ఉండదు. అందుకే మీరిద్దరూ వేరే రూములో, వేరే బుకింగ్‌లో ఉంటే బఫే రోజున మీకు విడిగా డబ్బు కట్టొచ్చు, మిగతా రోజుల్లో మీ ఇష్టం.

మరి ప్లాన్ లేకుండా ఏం తింటాం అంటారా, పార్కులోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, ఇది చాలామందికి తెలీదు. గాజు సీసాలు వద్దంటారు, మందు వద్దంటారు, విడి ఐసు వద్దంటారు. కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. చపాతీలు, పులిహోర పట్టుకెళ్లొచ్చు, పెరుగన్నం మాత్రం ఆ ఎండకి మధ్యాహ్నం దాకా ఆగదు. రూములో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, పాలూ పెరుగూ కిరాణా యాప్‌లో హోటల్‌కే తెప్పించుకోవచ్చు. నేను ఇక్కడినుంచి పట్టుకెళ్లిన ఉప్మా పాకెట్లు పొద్దున్న కాఫీ మెషిన్ దగ్గర వేడినీళ్లు పట్టుకుని కలిపేసేదాన్ని, బేగి అయిపోయేది. ఆ మగ్గు పార్కుల్లో చెల్లదు, హోటల్లోనే. ప్లాన్ లేకపోయినా విడిగా ఇరవై పైచిలుకు డాలర్లకి అమ్ముతారు, రోజుకి మూడు కాఫీలు తాగే మనిషైతే కొనుక్కోవచ్చు.

ప్లాన్‌లో టిప్ ఉండదు. ఇది ఎవరూ ముందు చెప్పరు. ఆరుగురూ అంతకు మించీ కూర్చుంటే 18 శాతం బిల్లులో వాళ్లే వేసేస్తారు, షెఫ్ మికీస్‌లో మాకు అలాగే పడింది, అంతా కట్టేశాం అనుకుని కూర్చున్న మావారు మళ్లీ గుణకారం మొదలెట్టారు.

ఇంకొకటి, క్రెడిట్ ఉన్నంత మాత్రాన సీటు ఉండదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లకి 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తారు, మంచివి పొద్దున్నే అయిపోతాయి. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకి దిగే రోజు నుంచి లెక్కేసి పది రోజుల దాకా ఒకేసారి బుక్ చేసుకోనిస్తారు. సిండ్రెల్లా కోటలో భోజనం లాంటి వాటికి రెండు క్రెడిట్లు పోతాయి, మనవరాలు అడిగితే తప్ప వెళ్లకండి. మీ అబ్బాయికి ప్లాన్ కొనక ముందే ఈ పని చెప్పండి: మికీ వేషాల వాళ్లు వచ్చే క్యారెక్టర్ బఫేలు ఎన్ని దొరికాయో చూడమనండి, ఉన్న రాత్రుల్లో సగానికైనా దొరక్కపోతే పిల్లల రూముకి కూడా ప్లాన్ అక్కర్లేదు.