మిగ్-21 తోక మీద కూలబడుతుంటే

తమ్ముడూ, టేపు చుట్టి నిలబెడితే నీ మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ బొమ్మ (1/72, అంటే అసలు దానిలో 72వ వంతు సైజు) తోక మీద కూలబడుతోందనీ, కలిపిన బూడిద రంగు ముదురుగా వస్తోందనీ అన్నావు కదా.

అదృష్టం, ఇంకా అతికించలేదు. వెనక చక్రాలు వచ్చే చోట రెండు వేళ్ల మీద ఆనించి, ముక్కు కిందికి వాలేదాకా సీసం వెయ్యి. ముక్కు శంకువు లోపలే ఖాళీ ఉంటుంది, అక్కడ మొదలుపెట్టు. ఎంత ముందుకు పెడితే అంత తక్కువ బరువు సరిపోతుంది. చేపల వలలకు కట్టే సీసం ముక్కలు చాలు, మన కృష్ణ ఒడ్డున వాటికి కరువా! అంటించడానికి మాత్రం తెల్ల జిగురు వద్దు. దాంతో సీసం మెల్లగా తెల్లపొడిగా మారి ఉబ్బుతుంది. నా బొమ్మ ఒకటి రెండేళ్లకి అతుకు దగ్గర విచ్చుకుంది. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు వాడు.

రంగంటావా, చిన్న బొమ్మ మీద అసలు రంగే ముదురుగా కనిపిస్తుంది. కొంచెం కొంచెంగా తెలుపు కలుపు. యాక్రిలిక్ రంగు ఆరాక ఇంకాస్త ముదురుతుంది కూడా. బొమ్మకి వేసే ప్రైమరే (రంగు కింద వేసే అడుగు పూత) వేసిన ప్లాస్టిక్ ముక్క మీద ఆరనిచ్చి, ట్యూబులైటు కింద కాకుండా వరండాలో పగటి వెలుగులో పోల్చు. ఫోన్‌లో ఫొటోని నమ్మకు. మే నెల మధ్యాహ్నం విజయవాడలో స్ప్రే కొట్టావో, రంగు గాల్లోనే ఆరి గరుకు తేలుతుంది. పొద్దున్నే కొట్టు.